వెనక ఇరుసులో మూలుగు

మా అత్తయ్య చెవిని నమ్ముకుని బతికిన మనిషి. వయసులో ఉన్నప్పుడు సీసాల షెడ్డులో పని చేసింది. వాడేశాక తిరిగొచ్చిన ఖాళీ సీసాలను వేడినీళ్ళలో కడిగి బల్ల మీద నిలబెడితే, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి వినడం ఆమె పని. మంచి సీసా గంటలా పలుకుతుంది. కంటికి కనపడని పగులున్నది గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు పలుకుతుంది. దాన్ని ఏరి పక్కన పెట్టకపోతే సరుకు నింపేటప్పుడు ఎవరి చేతిలోనో పేలుతుంది. అత్తయ్య కూర్చున్న బల్ల దాటి వెళ్ళిన సీసా ఎవరి చేతినీ కొయ్యలేదని ఆమెతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. కుండ కొన్నా, తలుపు చెక్క తెచ్చినా, ముందు కణుపుతో టక్కున కొట్టి తల వంచి వినేది. కొడుకులు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే వాళ్ళ నుదుటి మీద కూడా అలాగే కొట్టి, "ఏం ఫర్వాలేదు, పగల్లేదు" అనేదట. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు మా ఆయన నవ్వుతూ అన్నారు, "నిన్ను కూడా కొట్టి చూసే తెచ్చింది మా అమ్మ. లోపల ఏదో మోగుతోందంటే నేనే సర్దిచెప్పా."

ముసలితనంలో ఆమె కళ్ళు రెండూ మసకబారి, చివరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. చెవి మాత్రం అలాగే ఉండిపోయింది. వసారాలో కుర్చీ వేసుకుని, వీధిలో పోయే బండి ఎవరిదో, అది నిండుగా పోతోందో ఖాళీగా పోతోందో చెప్పేది. గ్లాసు అంచు మీద గోటితో కొట్టి అందులో నీళ్ళెంత ఉన్నాయో చెప్పేది. నేను సగం పోసి ఇస్తే, "మిగతా సగం ఎవరికి దాచావమ్మాయ్?" అనేది.

మా ఆయనకు ఒక పికప్ బండి ఉండేది. గచ్చు పలకలు, కిటికీ చట్రాలు, కుర్చీలు, ఏది దొరికితే అది మోసేవారు. మా వీధి మొగలో దర్జీ కొట్టు దగ్గర మలుపు చాలా ఇరుకు. అక్కడ స్టీరింగు బలంగా తిప్పేటప్పుడు, బరువు తనే మోస్తున్నట్టు ఆయన గొంతులోంచి "ఊఁ..." అని దీర్ఘంగా ఒక మూలుగు వచ్చేది. ఎన్నిసార్లు ఎగతాళి చేసినా మానలేదు. అది వినపడగానే అత్తయ్య "పెద్దోడొచ్చాడు" అనేది, నేను పొయ్యి వెలిగించేదాన్ని. మా సాయంత్రాలు అలా గడిచేవి.

ఒకరోజు పగటిపూట సరుకుకు తాళ్ళు బిగిస్తూ ఆయన ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. మళ్ళీ లేవలేదు. దాని గురించి ఇంతకంటే నేను రాయలేను.

బండి నా మరిది చేతికి వచ్చింది. అతణ్ణి అత్తయ్య చిన్నోడా అంటుంది. అన్నకు ఉన్నంత నోరు లేదు, భయం ఎక్కువ, మనసు మంచిది. అన్న పోయాక ఇంటి బరువంతా తన మీదే పడిందని అతనికి తెలుసు. అత్తయ్య ఆ రోజుల్లో భోజనం ముట్టేది కాదు. బతిమాలితే రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసేది. కుర్చీలోంచి లేవడం మానేసింది. ఏదీ కొట్టి చూడ్డం కూడా మానేసింది.

కొన్ని నెలలకు మరిది బండిని సర్వీసుకు ఇచ్చి, వెనక నూనె మార్పించాడు. వెనక చక్రాల రెంటికీ నడుమ, ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప బుర్ర ఒకటి ఉంటుంది. డిఫరెన్షియల్ అంటారు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడా చూసుకునేది ఆ బుర్రే. దానికి చిక్కటి గేరు నూనె పోస్తారు. నూనె కొట్టువాడు బండి పేరు అడిగాడు, పుస్తకంలో చూశాడు, డబ్బా తీసి ఇచ్చాడు. అందులో తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం బండి దర్జీ కొట్టు దగ్గర మలుపు తిరిగింది. "ఊఁ..." అని వినపడింది.

నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పెద్దోడొచ్చాడమ్మాయ్. పొయ్యి వెలిగించు."

లోపలికి వచ్చిన మరిది మా ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "వదినా, మీరూ విన్నారా?" అని నెమ్మదిగా అడిగాడు. నేను తల ఊపాను. "మలుపు తిప్పినప్పుడల్లా వస్తోంది. నా వెనకనుంచి. నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను" అన్నాడు.

మర్నాటినుంచి అత్తయ్య భోజనం చేయడం మొదలుపెట్టింది. తనే గోడ పట్టుకుని వచ్చి, గుమ్మం పక్క గూట్లో ఒక గ్లాసు నిండా నీళ్ళు పోయించి పెట్టేది. మా ఆయన బండి దిగగానే అక్కడే నీళ్ళు తాగేవారు. మర్నాడు పొద్దున్నే ఆ గ్లాసు మీద గోటితో కొట్టి వినేది.

"తాగాడు" అనేది.

నేను వెళ్ళి చూస్తే నిజంగానే నీళ్ళు అంచుకంటే కిందికి దిగి ఉండేవి. ఎండాకాలం, గాలికి ఆరి ఉంటాయని నాకు నేను చెప్పుకునేదాన్ని. అయినా గ్లాసు కడిగేటప్పుడు అంచు మీద వేలు ఆనించాలంటే వెనకాడేదాన్ని.

మరిది ఊరుకోలేదు. నూనె పలచగా ఉండి ఉంటుందని ఎవరో అంటే, ఎనభై-తొంభై తీసేసి ఎనభై అయిదు-నూట నలభై పోయించాడు. ఆ అంకెలు నూనె చిక్కదనానికి గుర్తు. పెద్ద అంకె అయితే చిక్కన ఎక్కువ. చిక్కటిది పోస్తే నోరు మూసుకుంటుందని అతని ఆశ. అది మూసుకోలేదు. గొంతు ఇంకాస్త లోతుగా మారింది. అంతకుముందు మామూలుగా అలిసిన మనిషిలా ఉండేది. ఇప్పుడు జబ్బు చేసిన మనిషిలా ఉంది.

"జలుబు చేసినట్టుంది వాడికి. తల తడుపుకుని తిరుగుతున్నాడేమో" అంది అత్తయ్య.

ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ మలుపులోనే ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. దర్జీ, ఎదురింటాయన, ఇంకో ఇద్దరు కలిసి వెనకనుంచి తోశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇంజను చప్పుడు లేదు. వీధి ఎండకు నిశ్శబ్దంగా ఉంది. మరిది స్టీరింగు తిప్పాడు, బండి జానెడు కదిలింది, అప్పుడు ఆ మూలుగు ఒక్కటే, మరే చప్పుడూ కలవకుండా, వీధి పొడుగునా వినపడింది. తోస్తున్నవాళ్ళు చేతులు వెనక్కి లాగేసుకున్నారు. బండి అక్కడే నిలబడిపోయింది.

దర్జీ తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు, "ఏమయ్యా, లోపల ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ నవ్వలేదు. వసారాలోంచి అత్తయ్య గొంతు మాత్రం వచ్చింది. "ఆఁ, వస్తున్నా నాయనా, కాస్త ఆగు."

తర్వాత వాన పడిన రోజొకటి వచ్చింది. పలకల బరువుతో కొండ దిగుతుంటే మలుపులో వెనక చక్రాలు రెండూ ఒక్కసారి బిగుసుకున్నట్టయి, బండి తోక లోయవైపు జారింది. రాతి గట్టుకు కొట్టుకుని ఆగింది. మరిది ఇంటికొచ్చి తడిబట్టలతోనే నేల మీద కూర్చున్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"వదినా, అన్న నన్ను తీసుకుపోదామనుకుంటున్నాడా?"

"అలాంటి మాట అనకు అబ్బాయ్. మీ అన్న నిన్ను బడికి కూడా భుజాల మీద మోశాడు."

"మరి ఎందుకలా లాగాడు?"

అతని తడి చొక్కా తీసుకుని పెరట్లోకి వెళ్ళి నానబెట్టాను. దానికి గేరు నూనె అంటింది. గేరు నూనె వాసన నాకు కొత్తకాదు, గంధకం కలిపి కుళ్ళిన గుడ్డు కొట్టినట్టుంటుంది. సబ్బు రాస్తూ ఆగిపోయాను. మా ఆయన వెనక నూనె మార్చిన రోజుల్లో చొక్కాకు ఈ వాసనతోపాటు ఇంకోటి ఉండేది. చేపనూనెలాంటి కమురు వాసన. మూడు ఉతుకులకు కూడా పోయేది కాదు. దాని కోసం ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో. ఈ చొక్కాకు అది లేదు.

ఆ మాట మరిదికి చెప్పాను. అతను నన్నూ వెంటబెట్టుకుని పాత మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. మా ఆయనను చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి ఆయన. చెవి ఒకటి పోయింది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇనుముకు ఆనించి, పిడిని పళ్ళ మధ్య పెట్టుకుని వింటాడు. అలా బండి కింద పడుకుని, పళ్ళతో కరుచుకుని, మరిది ముందుకూ వెనక్కూ కదుపుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. లేచి నోరు తుడుచుకున్నాడు.

"పళ్ళు జివ్వుమన్నాయి. గేర్లు అరగలేదమ్మా. ఇంకేదో పట్టుకుని వదుల్తోంది."

నేను కమురు వాసన సంగతి చెప్పాను. ఆయన నా వంక చూసి, వెనక చక్రాలు రెండూ జాకీల మీద నేలనుంచి పైకి ఎత్తాడు. ఒక చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఎవరూ ముట్టుకోని రెండో చక్రం కూడా దానితోపాటు అదే వైపుకు తిరిగింది. నెమ్మదిగా, ఎవరో అవతలినుంచి చెయ్యి వేసినట్టు.

"చూశావా. మామూలుదైతే అటుది ఎదురు తిరగాలి. ఇది ప్లేట్ల డిఫరెన్షియల్. ఒక చక్రం బురదలో జారితే రెండోది లాగడానికి లోపల పలచటి ప్లేట్లు పేరుస్తారు. మలుపులో అవి ఒకదాని మీద ఒకటి జారాలి. దానికి వేరే మందు కలిపిన నూనె కావాలి. మీరు చెప్పిన వాసన ఆ మందుదే. అది లేకపోతే ప్లేట్లు అతుక్కుంటాయి, విడిపోతాయి, మూలుగుతాయి. తడిరోడ్డు మీద అతుక్కునే ఉన్నాయనుకో, బండి తోక తిప్పేస్తుంది."

"పుస్తకంలో అలా లేదు మేస్త్రీ" అన్నాడు మరిది.

"పుస్తకం బండిది. ఈ ఇరుసు ఈ బండిది కాదు."

పాత ఇరుసులు దొరికేది తుక్కు కొట్టులోనేనని ఆయన చెబితే అక్కడికి వెళ్ళాం. అక్కడ ముక్కలుగా విప్పిన బండ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. తుక్కు కొట్టాయన బండిని చూడగానే మా ఆయన్ని గుర్తుచేసుకున్నాడు. పాత ఇరుసు విరిగితే, ఇక్కడినుంచే వేరే ఇరుసు మొత్తం తీసుకెళ్ళారట. ఇరుసుకు ఏ నూనె పోయాలో, అందులో ఏ మందు కలపాలో కూడా ఈయనే చెప్పాడట.

"ఇంట్లో చెప్పొద్దన్నాడు. మా అమ్మ ఒప్పుకోదన్నాడు."

"ఎందుకని?" అని నేనడిగాను.

ఆయన కాస్సేపు ఇనుప గుట్టల వైపు చూశాడు. "లోయలో పడిన బండిదమ్మా అది. నడిపే కుర్రాడు పోయాడు. ఏ ఊరివాడో కూడా మాకు తెలియదు. బండి ఇక్కడికొచ్చాక వాడి తల్లి ఒకసారి వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. తలుపు మీద చెయ్యేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."

ఇంటికి వచ్చేటప్పుడు దర్జీ కొట్టు మలుపులో మళ్ళీ ఆ మూలుగు వచ్చింది. నేను బండిలోనే ఉన్నాను. నా వీపుకు ఆనుకుని వచ్చినట్టనిపించింది. ఈసారి అది మా ఆయన గొంతులా లేదు. ఎవరిలానూ లేదు. అది ఇంకా భయంగా ఉంది.

అత్తయ్యకు చెప్పక తప్పలేదు. నూనె మార్చాలని మరిది అనగానే ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"దాని నోరు మూయించొద్దు. వాడు రోజూ ఇంటికొస్తున్నాడు. మీకేం అడ్డమొచ్చాడు?"

"అమ్మా, నేను లోయ అంచుదాకా వెళ్ళొచ్చాను."

"నెమ్మదిగా నడుపు."

"నత్తలాగే నడిపాను. అయినా లాగింది."

"చిన్నోడా, వాడి గొంతు కాదని నాకు మొదటిరోజే తెలుసు. సీసాలు విన్న చెవిరా ఇది. ఇనుముకూ మనిషికీ తేడా తెలియదా? కానీ సరిగ్గా ఆ వేళకు, ఆ మలుపులో, ఇంటి ముందుకొచ్చి పిలిచేది ఇంకెవరు? ఇనుములోంచి పిలవాలని ఉంటే ఇనుములోంచే పిలుస్తాడు" అంది.

అప్పుడు నేను ఇరుసు సంగతి చెప్పాను. లోయలో పడిన కుర్రాడి సంగతి, బండి తలుపు మీద చెయ్యి వేసి వెళ్ళిన తల్లి సంగతి.

అత్తయ్య చేతులు కుర్చీని వదిలేశాయి. ఆమె ముఖం గుమ్మం పక్క గూటివైపు తిరిగింది. అక్కడ గ్లాసు ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరి కొడుకుని లోపలికి రమ్మంటున్నాను?"

గూట్లో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

"వాడికి ఈ ఇల్లు తెలీదు కదరా" అంది. "ఎవరో ముసలిది రోజూ నాయనా, వస్తున్నా అంటుంటే, ఆమే తల్లనుకుని ఉంటాడు. వాడి తల్లి అక్కడ చెవి ఒగ్గి కూర్చుని ఉంటుంది. వాడు ఇక్కడ నీళ్ళు తాగుతున్నాడు." ఆమె ముఖం గూటివైపునుంచి తిప్పుకుంది. "మార్చెయ్యరా. సరైన నూనె పొయ్యి. పరాయి పిల్లాణ్ణి పట్టుకుని కూర్చున్నాను."

మర్నాడు ఉదయం మేస్త్రీ పాత నూనె దింపాడు. నల్లగా, సన్నటి ఇనప పొడితో మెరుస్తూ పళ్ళెంలోకి జారింది. మూత తీసి చూసి, ప్లేట్లు ఇంకా బతికే ఉన్నాయన్నాడు. కొత్త నూనె పోసి, చిన్న సీసాలోంచి మందు కలిపాడు. చేపనూనె కమురు గుప్పుమంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. లోపలికి పీల్చుకున్నాను. మా ఆయన ఆ ఉదయం నాకు అంత దగ్గరగా వచ్చింది ఆ కమురులోనే.

"ఇంతటితో అయిపోలేదు. మందు ప్లేట్ల మధ్యకు పోవాలి. ఖాళీ జాగాలో నెమ్మదిగా చుట్లు కొట్టండి. ఇటో చుట్టు, అటో చుట్టు. మూలుగు దానంతటదే దిగిపోతుంది" అన్నాడు మేస్త్రీ.

"నేనూ వస్తాను" అంది అత్తయ్య.

గోదాముల వెనక ఖాళీ స్థలం ఉంది. ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం. మరిది స్టీరింగు పూర్తిగా తిప్పి పట్టుకుని బండి కదిలించాడు. మొదటి చుట్టులో మూలుగు ఎప్పటిలాగే వచ్చింది, గట్టిగా, వెనకనుంచి. అత్తయ్య తల వెనక్కి తిప్పి, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"బాబూ, నేను మీ అమ్మను కాదు. నాకు కళ్ళు లేవు, పొరపాటు పడ్డాను. ఏమీ అనుకోకు."

రెండో వైపు చుట్టు. మూలుగు కాస్త సన్నబడింది.

"మీ ఇంటి దారి నీకు తెలిసే ఉంటుంది. మీ వీధి మలుపు గుర్తుంటుంది. అక్కడ దిగు."

మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. గోదాము గోడలు మా చుట్టూ తిరుగుతున్నాయి. ప్రతి చుట్టుకూ ఆ గొంతు ఒక అడుగు దూరం జరిగినట్టు తగ్గుతూ వచ్చింది. మాటల మధ్యలో నడిచి వెళ్ళిపోతున్న మనిషి గొంతులా. మరిది చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని వింటోంది. నాకేమీ వినపడనప్పుడు కూడా ఆమె "ఉంది... ఇంకా ఉంది" అంటూనే ఉంది. మరిది చుట్లు కొడుతూనే ఉన్నాడు.

చివరికి ఆమె నా చెయ్యి వదిలింది. "ఇంక ఆపరా."

బండి ఆగింది. ఆగిన బండి వెనక భాగం, బరువు మోసే కమాను పట్టీల మీద ఒక్కసారి చిన్నగా పైకి లేచి నిలిచింది. ఎవరైనా దిగితే లేచినట్టు. బ్రేకు వేస్తే బండ్లు అలాగే ఊగుతాయి. మరిది నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. మేం దాని గురించి ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం కూడా అత్తయ్య గూట్లో గ్లాసు నింపి పెట్టమంది. నేను ఎందుకని అడగలేదు. మర్నాడంతా బండి తిరిగింది. సాయంత్రం దర్జీ కొట్టు మలుపు దాటి మూలుగు లేకుండా వచ్చి ఇంటి ముందు ఆగింది. ఆ మూలుగు కోసమే చెవి ఒగ్గి వసారాలో ఉన్న ఆమె ఇంజను చప్పుడును పట్టించుకోనే లేదు. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి, "ఎవరూ?" అంది.

"నేనేనమ్మా. చిన్నోణ్ణి."

ఆమె చెయ్యి చాచి, అతని ముఖం వెతుక్కుని, నుదుటి మీద కణుపుతో కొట్టింది. తల వంచి వింది. మా ఆయన పోయాక ఆమె గ్లాసు కాకుండా ఇంకోదాన్ని కొట్టి వినడం అదే మొదలు.

"పగల్లేదు" అంది.

తర్వాత లేచి గోడ పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళింది. గ్లాసు అంచు మీద గోటితో కొట్టింది. ఆ చప్పుడు నాకు కూడా తెలిసింది. ముందు రోజు నేను పోసినప్పుడు ఎలా పలికిందో అలాగే పలికింది. బయట ఎండ ఎప్పటిలాగే కాసింది, గాలి ఎప్పటిలాగే వీచింది. నీళ్ళు అంచుదాకా నిండుగా ఉన్నాయి.

"ముట్టుకోలేదమ్మాయ్" అంది అత్తయ్య. "ఇల్లు చేరుకున్నట్టున్నాడు."

కాసేపు ఆ గ్లాసు దగ్గరే నిలబడింది. "మరి పెద్దోడు, అత్తయ్యా?" అని నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె గ్లాసులో నీళ్ళు పెరట్లో పారబోసి, కొత్త నీళ్ళు నింపించి, రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా గుమ్మందాకా నడిచింది.

"ఇంద, చిన్నోడా" అంది. "దాహంతో వచ్చుంటావు."

అతను తాగుతున్నంతసేపూ ఆమె తల వంచి, ఒక్కొక్క గుటకా వింటూ నిలబడింది.